ఊహల దీవికైనా మంచినీళ్లు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల అచ్చయిన ద్వీపకథను రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ కోసం, రెండోసారి అందులోని దీవి మనుషుల కోసం. ఎక్కడా లేని సముద్రంలో ఎక్కడా లేని దీవిని నిలబెట్టి, దాని మీద ఎన్నడూ పుట్టని జాతిని నడిపించడం చిన్న పని కాదు. ఆ పనికి పూనుకున్న రచయితను, దానికి చోటిచ్చిన మిమ్మల్ని ముందుగా అభినందిస్తున్నాను. అయితే ఆ జాతి రూపురేఖల విషయంలోనూ, ఆచారాల విషయంలోనూ నాకు ఒక అభ్యంతరం ఉంది. ఇలాంటి కథలు ఇంకా వస్తాయన్న ఆశ ఉంది కాబట్టే దాన్ని కొంచెం వివరంగా రాస్తున్నాను.

కథలో ఆ మనుషులది నీలిరంగు ఒళ్లు, వెండి జుట్టు, చీకట్లో మెరిసే పచ్చని కళ్లు. మెడలో ఎముకల హారాలు, ఒంటినిండా పచ్చబొట్లు. పౌర్ణమి నాడు దారితప్పి వచ్చిన పరాయివాణ్ని కొండకు బలి ఇస్తారు. ఒంట్లో సత్తువ ఉడిగిన ముసలివాళ్లను పడవెక్కించి సముద్రం మీదికి తోసేస్తారు. ఇవన్నీ ఎందుకు అలా ఉన్నాయో కథ చెప్పలేదు. కథ శాస్త్రపాఠం కాదు కాబట్టి చెప్పకపోయినా పరవాలేదు గాని, రాసినవారికైనా తెలిసి ఉండాలి. తెలిసినట్టు నాకు ఎక్కడా అనిపించలేదు. నీలం తీసేసి ఎరుపు వేసినా, పౌర్ణమిని అమావాస్య చేసినా ఆ కథలో మరో వాక్యం మార్చవలసిన అవసరం రాదు. రూపాన్నీ ఆచారాన్నీ అంగడిలో బొమ్మకు చొక్కా తొడిగినట్టు తొడిగితే అది తీసి ఇంకొకటి తొడగడం కూడా అంతే సులువు. ఊహకు హద్దులు గీయమని నేను అనడం లేదు. నేల విడిచి సాము చెయ్యవద్దంటున్నాను, అంతే.

లేని దీవి జనాన్ని ఉన్నట్టు నమ్మించడంలో ఆరితేరినవాడు ఒకడున్నాడు. జార్జ్ సాల్మనజార్ అన్నది అతను తనకు తాను పెట్టుకున్న పేరు. 1703లో లండన్ చేరిన ఈ యువకుడు తాను ఫార్మోసా దీవివాణ్నని, అంటే ఇప్పటి తైవాన్‌వాణ్నని, చెప్పుకున్నాడు. యూరపు దాటి బయటికి వెళ్లినవాడు కాదు. ఒళ్లు తెల్లగా ఉందేమని అడిగితే, తమ దీవిలో పెద్దింటివాళ్లు నేలమాళిగల్లో బతుకుతారు కాబట్టి తమకు ఎండ సోకదని జవాబిచ్చాడు. 1704లో ఆ దీవి మీద ఏకంగా ఒక పుస్తకం అచ్చు వేయించి, దానికొక అక్షరమాలను, భాషను, క్యాలెండరును కల్పించి, అక్కడ ఏటా 18,000 మంది మగపిల్లల గుండెలను దేవుడికి ఆహుతి ఇస్తారని రాశాడు. అంతమందిని ఏటా చంపితే దీవి ఖాళీ కాదా అని అడిగినవాళ్లకు, మగవాడికి అనేకమంది భార్యలుంటారని సమాధానం సిద్ధంగా పెట్టుకున్నాడు. ఖగోళవేత్త ఎడ్మండ్ హేలీ అతన్ని పట్టుకుని, కర్కటరేఖ మీదున్న దీవిలో నడినెత్తిన సూర్యుడు పొగగొట్టాల్లోంచి నేరుగా లోపలికి దిగాలి కదా, దిగుతాడా అని నిలదీశాడంటారు. దిగడని చెప్పి దొరికిపోయిన మనిషి, మా పొగగొట్టాలు వంకరగా కడతాం అని తప్పించుకున్నాడట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాళ్లలో కూడా ఇంతటి సమయస్ఫూర్తి అరుదు. 1763లో అతను చనిపోయాక వెలువడిన ఆత్మకథలో ఇదంతా కల్పన అని ఒప్పుకున్నాడు.

ఈ మోసగాణ్ని నేను మెచ్చుకోవడం లేదు. అతని రాతలు నిజమైన ఒక దీవి ప్రజల మీద బురద చల్లాయి. అయినా ఒక సంగతి గమనించక తప్పదు. రోజూ ఎవరో ఒకరు నిలదీసేవారు కాబట్టి, ఒక్కో అబద్ధానికీ వెనక ఒక కారణాన్ని అతను కట్టుకుంటూ వచ్చాడు. తెల్లని ఒంటికి నేలమాళిగ, ఎండ పడని ఇంటికి వంకర పొగగొట్టం. మన కథారచయితలను ఎవరూ నిలదీయరు గనక పొగగొట్టం వంకరో తిన్ననో ఆలోచించే అవసరం వాళ్లకు రావడం లేదు.

నిజంగా ఉన్న దీవుల సంగతి చూస్తే, మనిషి ఒంటి మీద సముద్రం చేసే పని ఏ నీలిరంగుకూ తీసిపోదు. ఆగ్నేయాసియా సముద్రాల్లో పడవల మీద, నీటిలో నాటిన కర్రల ఇళ్లలో తరతరాలుగా బతికిన బజావులు ఊపిరి బిగబట్టి లోతుకు మునిగి చేపలు పట్టేవాళ్లు. వీళ్ల ప్లీహం పొరుగునే నేల మీద బతికే సలువాన్ జాతివాళ్ల ప్లీహం కంటే దాదాపు 50 శాతం పెద్దదని 2018లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. మునిగినప్పుడు ప్లీహం ముడుచుకుని, దాచుకున్న ఎర్ర రక్తకణాలను రక్తంలోకి వదులుతుంది. దాంతో ఊపిరి మరికాసేపు నిలుస్తుంది. ఆ జాతిలో మునగని మనుషులకూ ప్లీహం పెద్దదిగానే ఉండడం వల్ల ఇది సాధనతో వచ్చింది కాదని, వంశంలో దిగిందని అర్థమయింది. దీనికి పక్కన మోకెన్‌లను పెట్టి చూడండి. థాయ్‌లాండ్ తీరంలో ఈ సముద్ర సంచారుల పిల్లలు నీటి అడుగున యూరపు పిల్లల కంటే రెట్టింపుకు మించి స్పష్టంగా చూడగలరని 2003లో తేలింది. నీటిలో మనందరికీ కనుపాప పెద్దదవుతుంది, వాళ్లు దాన్ని కుదించుకుంటారు. తర్వాత యూరపు పిల్లలకు తర్ఫీదు ఇస్తే వాళ్లకూ ఆ విద్య పట్టుబడింది. అంటే ఒకే సముద్రం ఒకచోట రక్తంలోకి దిగింది, ఇంకొకచోట అలవాటుగా మిగిలింది. దీవి మనుషులకు విచిత్రమైన కళ్లు పెట్టదలచిన రచయిత ఈ రెండింటిలో తమ కథకు ఏది కావాలో ముందు నిర్ణయించుకోవాలి. పుట్టుకతో వచ్చిన చూపైతే పరాయివాడికి ఎన్నటికీ రాదు. సాధనతో వచ్చేదైతే కథానాయకుడు పదిరోజుల్లో నేర్చుకోవచ్చు. కథ మలుపు తిరిగేది అక్కడ.

దీవులు మనుషులను పొట్టివాళ్లను కూడా చేశాయి. ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో, లియాంగ్ బువా అనే గుహలో 2003లో బయటపడిన ప్రాచీన మానవజాతి స్త్రీ ఎత్తు సుమారు 106 సెంటీమీటర్లు. అదే దీవిలో ఏనుగు జాతి జంతువు కుదించుకుపోయింది, ఎలుకేమో పెద్దదయింది. సాలమన్ దీవుల్లో నల్లని ఒంటిమీద రాగి, బంగారు రంగు జుట్టుతో పుట్టేవాళ్లు నూటికి అయిదు నుంచి పది మంది దాకా ఉంటారు. యూరపు నావికుల వల్ల వచ్చిందని చాలాకాలం అనుకున్న ఆ జుట్టు వాళ్ల సొంత జన్యువులోని ఒకే ఒక్క మార్పు వల్ల వచ్చిందని 2012లో రుజువయింది. మీ కథలోని వెండి జుట్టుకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. కాకపోతే అందరికీ కాక నూటికి పదిమందికే ఉంటే దాని చుట్టూ ఎన్ని నమ్మకాలు, ఎన్ని పెళ్లి గొడవలు పుట్టేవో!

మైక్రోనేషియాలోని పింగెలాప్ కథ నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకుంది. 1775 ప్రాంతంలో వచ్చిన తుపానుకు, దాని వెంట వచ్చిన ఆకలికి ఆ చిన్న పగడపు దీవిలో ఇరవైమంది వరకు మిగిలారు. వాళ్లలో ఒకరి రక్తంలో దాగిన లోపం తరాలు గడిచేకొద్దీ పైకి తేలింది. ఈనాడు అక్కడివాళ్లలో నూటికి అయిదారుగురికి, లేదా అంతకంటే ఎక్కువమందికి, రంగులు బొత్తిగా కనబడవు. పగటి వెలుతురుకు కళ్లు చికిలిస్తారు. దానికి వాళ్ల భాషలో మస్కున్ అని పేరు. కాని రాత్రి వేటలో, మసక వెన్నెల్లో ఎగిరే చేపను పసిగట్టడంలో వాళ్లకు సాటి లేదని చెబుతారు. ఒక తుపాను, ఇరవైమంది, ఒక చూపు, ఒక వృత్తి. చీకట్లో మెరిసే పచ్చని కళ్ల కంటే చీకట్లో పనిచేసే ఈ కళ్లు నాకు వంద రెట్లు అద్భుతంగా తోస్తాయి.

ఆచారాల విషయానికి వస్తే, దీవి మనుషుల కట్టుబాటు వెనక తరచు ఒక లెక్క ఉంటుంది. అది చేపల లెక్క కావచ్చు, నోళ్ల లెక్క కావచ్చు. సుమారు అయిదు చదరపు కిలోమీటర్ల టికోపియా దీవి జనం 1600 ప్రాంతంలో తమ పందులన్నిటినీ చంపేశారు. పంది మాంసం వాళ్లకు చేదని కాదు, పంది తినేది మనిషి తిండిని కాబట్టి. న్యూజిలాండ్ మూలవాసులైన మావొరీలలో ఎవరైనా నీటిలో మునిగి చనిపోతే ఆ భాగంలో కొంతకాలం చేపలు పట్టరాదు. దాన్ని రాహుయి అంటారు. దుఃఖానికి పెట్టుకున్న నియమం, ఆ కాసిన్ని రోజులు చేపలకు కూడా ఊపిరి పోస్తుంది. మార్షల్ దీవుల నావికులు కొబ్బరాకు ఈనెలను, గవ్వలను కట్టి అలలు ఎక్కడ వంగుతాయో పటాలు అల్లేవారు. వాటిని పడవలో తీసుకెళ్లేవారు కాదు, గట్టు మీదే కంఠస్థం చేసి వెళ్లేవారు. 2004 సునామీ నాడు సముద్రం వెనక్కి పోవడం చూసి, మనుషులను మింగే అల గురించి తాతలు చెప్పిన కథ గుర్తొచ్చిన మోకెన్ పెద్దలు తమవాళ్లను ఎత్తయిన చోటుకు తరలించారు. యాప్ దీవిలో పెద్ద రాతి చక్రాలు ధనంగా చెల్లాయి. ఒక రాయి తెస్తుండగా సముద్రంలో మునిగిపోయినా, అది ఫలానా కుటుంబానిదేనని అందరూ ఒప్పుకున్నారు కాబట్టి ఆ కుటుంబం ధనికంగానే చలామణి అయింది. ఆలోచిస్తే మన సంపదలో కూడా చాలాభాగం అలా కంటికి కనబడని రాయే.

ఈ మాటలన్నీ రాసి ఊరుకుంటే, తప్పులు పట్టడం తప్ప మీకు ఏం తెలుసునని రచయిత నన్ను అడగవచ్చు. అడగాలి కూడా. అందుకే చాలాకాలంగా ఒక నోటుపుస్తకంలో నా వినోదం కోసం రాసుకుంటున్న దీవి జనాన్ని ఇక్కడ పరిచయం చేస్తున్నాను. వాళ్లకు నేను పేరు పెట్టలేదు. వాళ్ల భాషలో తమను తాము మనుషులనే అనుకుంటారు. జపాన్ ఉత్తరాన ఉండే ఆదివాసులు ఐనూలు తమను పిలుచుకునే ఆ మాటకు కూడా అర్థం మనిషి అనే. పేరు పెట్టవలసిన అవసరం ఎప్పుడూ బయటివాడిది.

వాళ్లది పగడపు దీవి. కొండ లేదు, ఊట లేదు, బంకమన్ను లేదు. తాగేది వాననీళ్లే, వాటిని పగడపు రాళ్లు పేర్చి కట్టిన తొట్లలో నిలవ చేసుకుంటారు. ఏడాదిలో అయిదు నెలలు చినుకు పడదు. ఒళ్లు ముదురు గోధుమరంగు, ఛాతీ వెడల్పు, కళ్ల కొసల్లో చిన్నపిల్లలకు కూడా ముడతలు. తెల్లటి ఇసుక మీద, నీటి మీద తిరిగి కొట్టే ఎండకు పుట్టినప్పటినుంచీ కళ్లు చికిలించడం వల్ల వచ్చినవి. వాన కాలం ముగిసిన మర్నాడు ఆడా మగా, పిల్లా జెల్లా అందరూ గుండు చేయించుకుంటారు. తల కడుక్కోవడానికి నీళ్లు ఉండవు కాబట్టి మొదలైన పని అది, ఇప్పుడు పండుగ. తొలి చినుకు పడ్డాక మళ్లీ జుట్టు పెంచుతారు. అందుకని ఒక నావికుడు ఎండల్లో వచ్చి ఇది బోడితలల జాతి అని రాసుకుపోతాడు, ఇంకొకడు వానల్లో వచ్చి వీళ్లు జుట్టును దేవతగా కొలుస్తారని రాస్తాడు. ఇద్దరూ చూసిందే రాశారు.

వాళ్ల ఆచారాల్లో నాకు ఇష్టమైనది మాటకు సంబంధించినది. లోతుకు మునిగేవాళ్లకు చెవిపొరలు చిట్లుతాయి. బజావుల్లో చాలామంది ముదిమికి వచ్చేసరికి చెవులు మందగించేది ఇందుకే. నా దీవిలో కూడా నలభై దాటిన ప్రతివాడికీ అర్ధచెవుడు. అందువల్ల పెద్దవాళ్లతో మాట్లాడడానికి చేతి సైగలు పుట్టాయి. కొన్ని తరాలు గడిచేసరికి అవసరం మర్యాదగా మారింది. ఇప్పుడు చెవులు పాముచెవుల్లా పనిచేసే పెద్దమనిషితో కూడా చేతులతోనే మాట్లాడాలి. నోరు విప్పితే నువ్వింకా కుర్రవాడివే, నిన్ను సముద్రం ముట్టలేదు అని దెప్పినట్టు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమన్న మన సామెత వాళ్లకు చెబితే ఇందులో వెటకారం ఎక్కడుందో తెలియక, శంఖం ఊదేవాడి వేళ్లను చూస్తే సరిపోతుంది కదా అంటారు.

ఈ ఒక్క మర్యాద నుంచి మిగతావి వాటంతట అవే పుట్టుకొచ్చాయి, నేను పెద్దగా ఆలోచించలేదు. చేతులు కనబడాలి కాబట్టి పెద్దల సభ వెన్నెల రాత్రుల్లోనే జరుగుతుంది. అమావాస్య దగ్గరపడితే తగువు ఎంత ముదిరినా తీర్పు వాయిదా పడుతుంది, ఈలోగా సగం తగువులు చల్లారిపోతాయి. చేతిలో బరువుండగా పెద్దవాళ్లు ఎదురైతే బరువు దించి పలకరించాలి. పలకరించడం ఇష్టంలేనివాళ్లు ఖాళీ బుట్టనైనా రెండు చేతులా పట్టుకుని నడుస్తారు, అది అందరికీ తెలుసు. కోపం వస్తే కళ్లు మూసుకుంటారు; ఎదుటివాడి మాట వినననడానికి అంతకంటే పెద్ద తిట్టు లేదు. ముంజేతుల మీద తప్ప వాళ్లు ఒంటిమీద ఎక్కడా పచ్చబొట్టు పొడిపించుకోరు, ఎందుకంటే ఎదుటివాళ్ల చూపు ఉండేది అక్కడే. చూపు పోయిన ముసలమ్మతో మాట్లాడాలంటే ఆమె అరచేతిలో వేలితో రాయాలి; ఆమెతో అలా మాట్లాడే హక్కు మనవరాళ్లది. ఆమె చనిపోయిన రోజు ఆ పిల్లలు తమ కుడి అరచేతికి గుడ్డ చుట్టుకుని, మళ్లీ వాన పడేదాకా విప్పరు.

అతిథి వస్తే గవ్వచిప్పలో నీళ్లిస్తారు. చివరి గుక్క తాగకుండా ఇంటివాళ్లకు తిరిగి ఇవ్వాలి. గటగటా మొత్తం తాగేసిన పరాయివాణ్ని బలి ఇవ్వరు. కాని మర్నాటినుంచి అతన్ని ఏ ఇంటికీ పిలవరు, అతనికి ఎందుకో తెలియదు, ఎవరూ చెప్పరు. బలిపీఠం మీద కత్తి కంటే ఈ మౌనం నాకు ఎక్కువ భయంగా ఉంటుంది.

ఇక్కడే మీ కథ మీద నా రెండో ఫిర్యాదు. అందులో దీవి జనమంతా ఒకే మనిషిలా ఉన్నారు. అందరూ ఒకేసారి పాడతారు, ఒకేసారి మోకరిల్లుతారు, అందరూ కొండకు ఒకేలా భయపడతారు. ఏ జాతి అయినా అలా ఉంటుందా? నా దీవిలో శవాన్ని పగడపు దిబ్బ అంచున సముద్రానికి అప్పగిస్తారు, ఆ వైపు ఒక వానకాలం గడిచేదాకా ఎవరూ చేపలు పట్టరు. నియమం బాగానే ఉంది. అయితే ఏ కుటుంబం ఏ వైపుకు చెందుతుందో పుట్టుకతోనే నిర్ణయమవుతుంది గనక, చేపలు బాగా పడే పడమటి వైపు కుటుంబంలో ఒక తాతకు దగ్గు పట్టుకుంటే దీవి మొత్తానికి గుబులు. ఆయన ఆరోగ్యం కోసం మొక్కేవాళ్లలో ఎంతమందికి ఆయన మీద ప్రేమ, ఎంతమందికి చేపల మీద ప్రేమ? రాత్రిపూట దొంగచాటుగా వలవేసి దొరికిపోయిన కుర్రాడు ఒకడుంటాడు. వాణ్ని శిక్షించవలసిన పెద్దే వాడి వయసులో అదే పని చేశాడు. అది తెలిసిన ముసలమ్మ సభలో చేతులు ఒళ్లో పెట్టుకుని కదపకుండా కూర్చుంటుంది. ఆచారం మీద గౌరవం ఉన్నవాడు, దాన్ని పాటిస్తూ సణిగేవాడు, పాటిస్తున్నట్టు నటించేవాడు, అసలెందుకు పాటించాలని అడిగే పదేళ్ల పిల్ల లేని జాతిని కల్పించడం బొమ్మలకొలువు పెట్టడం వంటిది.

నిజమైన దీవుల ప్రజలను బయటివాళ్లు మూడు శతాబ్దాలుగా ఇలాంటి బొమ్మలుగానే రాశారన్నది కూడా మరవకూడదు. ఎముకల హారం, బలిపీఠం, పచ్చబొట్టు అన్న మూడు ముక్కలు ఏ దీవి కథలోనైనా గొర్రెదాటుగా వచ్చిపడడం ఆ పాత రాతల పుణ్యమే. పచ్చబొట్టుకు ఇంగ్లీషువాళ్లు వాడే మాట పాలినేషియా భాషల్లోని తతావు నుంచి వచ్చింది. సమోవాలో మగవాళ్లు నడుము నుంచి మోకాళ్ల దాకా పొడిపించుకునే పచ్చబొట్టు రోజుల తరబడి నొప్పి ఓర్చుకుంటే గాని పూర్తికాదు. మధ్యలో లేచిపోయినవాడికి సగం గీతలు జీవితాంతం సిగ్గుగా మిగులుతాయి. ఒంటినిండా పచ్చబొట్లు అని రెండు మాటల్లో దాటిపోయిన చోట, ఆ సగం గీతలవాడు ఒక్కడు కనబడి ఉంటే నేను ఆ కథను మూడోసారి కూడా చదివేవాణ్ని.

రచయితకు భాష ఉంది, వేగం ఉంది. తుపాను రాత్రి పడవ విరిగే ఘట్టం చదువుతుంటే నా చేతులు చల్లబడ్డాయి. ఆ శ్రద్ధలో నాలుగోవంతు ఒడ్డున నిలబడిన మనుషుల మీద పెట్టినా చాలునన్నది నా మనవి. ముసలివాళ్లను పడవెక్కించి వదిలేసే ఆచారాన్నే ఉంచుకోండి. కాని పెద్ద చెట్లు లేని ఆ దీవిలో ఒక్కో ముసలివాడికీ ఒక్కో పడవ ఎక్కడినుంచి వస్తుందో, పడవకు కర్ర లేదని చావు వాయిదా పడుతూ వస్తున్న తొంభై ఏళ్ల తాత కొడుకు ముఖం ఎలా చూస్తాడో ఆలోచించండి.

కథకు రెండో భాగం ఉంటుందని చివర ప్రకటించారు. మొదటి భాగంలో ఆ దీవి మీద ఉప్పునీరు, మండే కొండ, నల్లని రాయి తప్ప మరేమీ కనబడలేదు. ఏడు రోజుల కథలో ఎవరూ ఒక్కసారైనా దాహమన్నట్టు లేదు. రెండో భాగంలో ఆ నీలిరంగు మనుషుల్లో కనీసం ఒకరు ఎక్కడినుంచో తెచ్చుకున్న నీళ్లు తాగుతూ కనబడితే, ఆ నీళ్లు ఎక్కడివో వెతుక్కునే పని నేను చూసుకుంటాను.

ఇట్లు,
మీ పాఠకుడు